నవ్విన ప్రతి నాపచేనూ పండదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గాజువాక మావయ్య ఈమధ్య ఒక ఫార్వర్డు పెట్టాడు. "నవ్విన నాపచేనే పండుతుంది" అని మొదలవుతుంది, కింద వరసగా పేర్లు. చేతులు కడుక్కోండర్రా అన్నందుకు పిచ్చాసుపత్రి పాలైన సెమ్మెల్‌వైస్, బాక్టీరియాని కలుపుకుని తాగేసిన బారీ మార్షల్, నోబెల్ దక్కని మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఇలా. అందర్నీ చూసి లోకం నవ్వింది, ఆఖరికి అందరూ కరెక్టయ్యారు అని చెప్పి చివర్లో అసలు సరుకు బయటపెట్టింది: ఫలానా ఆకుపొడి పరగడుపున చెంచాడు వేసుకుంటే మూడు నెలల్లో షుగరు మాయం, మాత్రలు మానేయొచ్చు, డాక్టర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మావయ్య నన్ను ట్యాగ్ చేసి "ఏటమ్మా, ల్యాబ్‌లో పన్జేస్తావు కదా, దీనికేటంటావు" అని అడిగాడు. గ్రూపులో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వైద్యం చరిత్రలో ఇలాంటి కథలంటే నాకు ప్రాణం. టీ బ్రేక్‌లో ల్యాబ్ పిల్లలకి చెప్పి నవ్విస్తుంటాను కూడా. నా గొడవ కథలతో కాదు, వాటి తోక పట్టుకుని వచ్చే ఆ లాజిక్‌తో. నవ్వారు కాబట్టి నిజం అనే మాట ఉంది చూడండి, అది నవ్వారు కాబట్టి అబద్ధం అన్నంత తప్పు. అసలు నవ్వు ఏ వైపూ సాక్ష్యం కాదు.

మార్షల్ సంగతే తీసుకుందాం, అది మా పనికి దగ్గర కాబట్టి. ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊళ్లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు కడుపు బయాప్సీ (పరీక్షకని లోపల్నుంచి తీసిన చిన్న ముక్క) స్లయిడ్లలో వంకర బాక్టీరియాలు చూస్తూ వచ్చాడు. కడుపులో యాసిడ్ ఉంటుంది, అక్కడ ఏ క్రిమీ బతకదు అని అప్పటి నమ్మకం, అల్సర్ అంటే టెన్షను, కారం, యాసిడ్, అంతే. 1981లో మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఇద్దరూ ఆ బాక్టీరియాని ప్లేట్ల మీద పెంచాలని చూస్తే ఎన్నిసార్లు పెట్టినా ఏమీ మొలవదు. ల్యాబ్‌లో మామూలుగా రెండ్రోజులు చూసి గ్రోత్ లేకపోతే పారేస్తారు, అక్కడా అదే పద్ధతి. 1982 ఈస్టర్ సెలవులకి మాత్రం ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి, అయిదో రోజున తీసి చూస్తే చిన్న చిన్న నీటి చుక్కల్లా కాలనీలు! ఆ బాక్టీరియా నిదానంగా పెరిగే రకం, మూడు నుంచి అయిదు రోజులు కావాలి, అప్పటిదాకా దాన్ని పెరగకముందే చెత్తబుట్టలో వేసేస్తూ వచ్చారన్నమాట. సంక్రాంతి సెలవులకి ప్లేట్లు మర్చిపోయిన ఏ టెక్నీషియన్‌కైనా ఇది చెప్పి చూడండి, ఎగిరి గంతేస్తారు.

తర్వాత జంతువులకి ఎక్కిద్దామంటే ఎక్కలేదు. 1984లో మార్షల్ ఒక రోగి కడుపులోంచి పెంచిన బాక్టీరియాని తనే తాగేశాడు, వాళ్లావిడకి ముందు చెప్పనైనా చెప్పలేదు. కొన్ని రోజులకి వికారం, వాంతులు, నోరు కంపు. ఎండోస్కోపీ చేస్తే కడుపు లోపలి పొర వాచి ఉంది, బాక్టీరియా నిండా ఉంది. ఫార్వర్డు ఇక్కడ ఆగిపోయి నేరుగా 2005 నోబెల్‌కి దూకేస్తుంది. మధ్యలో ఏం జరిగిందో అది చెప్పదు, అసలు కథంతా ఆ మధ్యలోనే ఉంది. తాగినందుకు ఆయనకి అల్సర్ రాలేదు, గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు పొర వాపు వచ్చింది, పైగా మనిషి ఒక్కడే. లోకాన్ని కదిలించింది 1988లో అచ్చయిన ఒక లెక్క: అల్సరూ, ఈ బాక్టీరియా రెండూ ఉన్న 100 మంది రోగులని తీసుకుని వేరువేరు మందులిచ్చి ఏడాది పాటు చూశారు. బాక్టీరియా పోయినవాళ్లలో 92 శాతం మందికి అల్సర్ మానింది, మళ్లీ తిరగబెట్టింది 21 శాతానికి. బాక్టీరియా పోనివాళ్లలో మానింది 61 శాతానికి, తిరగబెట్టింది 84 శాతానికి. 21 ఎక్కడ, 84 ఎక్కడ! తాగిన గ్లాసు పేపర్లో ఫొటోకి పనికొస్తుంది, మనిషి అల్సర్ తగ్గించే మందు రాయడానికి పనికొచ్చింది మాత్రం ఈ అంకెలే. ఇవాళ ఎండోస్కోపీ రూమ్‌లోంచి ఆవగింజంత బయాప్సీ ముక్క పసుపుపచ్చ యూరియా మీడియంలో వేసి మాకు ఇస్తారు, ఈ బాక్టీరియా ఉంటే ఆ పసుపు నెమ్మదిగా గులాబీ రంగుకి తిరుగుతుంది, ఒక్కోసారి మన కళ్లముందే. ఆ రంగు తిరిగినప్పుడల్లా నాకు ఆ ఈస్టర్ ప్లేట్లు గుర్తొస్తాయి.

ఒక్క మనిషి మీద చూపించడం ఎంత ప్రమాదమో హోరేస్ వెల్స్‌ని అడగాలి. ఈయన అమెరికాలో పళ్ల డాక్టరు. 1844 డిసెంబరు 10న హార్ట్‌ఫర్డ్ ఊళ్లో నవ్వుల గ్యాసు షో పెట్టారు, అంటే జనం టికెట్టు కొనుక్కుని వస్తారు, కొందరు స్టేజీ ఎక్కి నైట్రస్ ఆక్సైడ్ పీల్చి గంతులేస్తారు, మిగతావాళ్లు చూసి పడీపడీ నవ్వుతారు. శామ్యూల్ కూలీ అనే కుర్రాడు అలా గెంతుతూ కాలు గట్టిగా కొట్టుకున్నాడు, రక్తం కారుతోంది, వాడికి నొప్పే తెలియలేదు. హాలంతా నవ్వుతుంటే వెల్స్ ఒక్కడూ ఆ కాలు చూశాడు. మర్నాడే గ్యాసు పీల్చి తన పన్ను తనే పీకించుకున్నాడు, నొప్పి లేదు! ఎంత సంబరపడి ఉంటాడో. 1845లో బోస్టన్ వెళ్లి డాక్టర్ల ముందు, విద్యార్థుల ముందు చూపించబోతే గ్యాసు సంచీ తొందరగా తీసేశారు, పన్ను పీకుతుంటే రోగి కేక పెట్టాడు, కుర్రాళ్లు బూటకం బూటకం అని అరిచి పంపించేశారు. ఆయన చెప్పింది నిజం. కానీ ఆ రోజు ఒక్క కేసు తప్పింది, ఆ ఒక్క కేసుతో మొత్తం కొట్టేశారు. 1846లో అదే ఊళ్లో ఈథర్‌తో చూపించినవాళ్లకి పేరొచ్చింది, వెల్స్ 1848లో జైల్లో ప్రాణం తీసుకున్నాడు. ఈ కథలో మొదటి సగానికి ఎంత నవ్వుతానో రెండో సగం దగ్గర అంత కడుపు తరుక్కుపోతుంది నాకు.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. ఒక్క కేక విని గ్యాసు బూటకం అనేయడం ఎంత తప్పో, "మా పక్క క్వార్టర్స్ ఆయనకి పొడితో తగ్గిందమ్మా" అని పొడి నిజం అనేయడమూ అంతే తప్పు. ఆ పక్క క్వార్టర్స్ ఆయన పొడితో పాటు రాత్రి అన్నం మానేసి చపాతీకి మారాడా, పొద్దున్నే పార్కులో నడుస్తున్నాడా, మాత్రలు నిజంగా మానేశాడా లేక వాళ్లావిడ ఇస్తూనే ఉందా, ఎవరికి తెలుసు. తగ్గనివాళ్లు గ్రూపుల్లో మెసేజ్ పెట్టరు, వాళ్లు మా దగ్గరికి వస్తారు. మాత్రలు మానేసి కొన్నాళ్లు ఏదో పొడి మీద ఉండి కాలి పుండుతో వచ్చినవాళ్ల శాంపిల్ మెషీన్‌లో పెట్టినప్పుడు, స్క్రీన్ మీద ఆ అంకె చూసి మళ్లీ రిపీట్ పెడతాం, తప్పేమో అని ఆశతో. తప్పు కాదు. అందుకే మావయ్యకి ఫోన్ చేసి ఒకటే చెప్పాను, పొడి తింటే తిను గానీ డాక్టర్ని అడక్కుండా మాత్ర ఆపకు మావయ్యా అని.

ఇంకో వైపు కూడా ఉంది, దాని గురించి ఏ ఫార్వర్డూ రాదు. ఎవరూ నవ్వనివి. అందరూ గౌరవంగా, సీరియస్‌గా, పెద్ద పెద్ద డాక్టర్లు ముందుండి చేసినవి. లండన్‌లో 18వ శతాబ్దంలో థేమ్స్ నదిలో మునిగినవాళ్లని బయటికి లాగి బతికించడానికి ఏం చేసేవారో తెలుసా, పొగాకు వెలిగించి ఆ పొగని తిత్తితో వెనక నుంచి మలద్వారంలోకి ఊదేవారు! కమ్మరి కొలిమి దగ్గర ఉంటుందే, ఆ తిత్తి. 1774లో మునిగినవాళ్లని కాపాడటానికని డాక్టర్లే ఒక సంఘం పెట్టి, ఆ తిత్తీ గొట్టాలూ ఉన్న పెట్టెల్ని నది పొడుగునా అందుబాటులో ఉంచారు. పొగ లోపల వెచ్చదనం తెస్తుంది, పొగాకు ఒంటిని లేపుతుంది అని వాళ్ల లెక్క. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా నడుస్తూ అక్కడక్కడా ఆ పెట్టెలు వేలాడుతుంటే ఎలా ఉంటుందో అనుకుంటే ఇప్పటికీ నవ్వాగదు నాకు. అదే సంఘం నోట్లో గాలి ఊదమని కూడా చెప్పింది, అది కరెక్టు, యారాడలో అల లాక్కుపోయిన కుర్రాళ్లని ఒడ్డుకి తెచ్చాక ఇవాళ మనం చేసేదీ ఊపిరి ఊది గుండె నొక్కడమే. పొగకీ ఊపిరికీ ఒకే డాక్టర్లు ఒకేలా సంతకం పెట్టారు, ఏది నిజమో వాళ్ల గౌరవాన్ని బట్టి తెలిసేది కాదు. 1811లో బెంజమిన్ బ్రోడీ జంతువుల మీద చేసి చూసి పొగాకు విషం గుండెని ఆపేస్తుందని చూపించాకే అది మెల్లగా పోయింది.

జలగల సంగతి ఇంకా పెద్దది. పారిస్‌లో బ్రూసే అనే మహా డాక్టరు ఉండేవాడు, ఏ జబ్బయినా కడుపూ పేగుల వాపు వల్లే వస్తుంది, జలగలు పెట్టి రక్తం లాగేస్తే తగ్గిపోతుంది అనేవాడు. జ్వరానికి జలగ, దగ్గుకి జలగ, తలనొప్పికి జలగ. ఫ్రాన్సులో చెరువులన్నీ ఖాళీ అయిపోయి 1833 ఒక్క ఏడాదిలో బయటి దేశాల నుంచి 4 కోట్లకి పైగా జలగలు తెప్పించుకున్నారు. ఎంత మందికి అంటించి ఉంటే అన్ని జలగలు కావాలో ఆలోచించండి. దాన్ని ఆపింది ఇంకా గొప్ప సిద్ధాంతమేమీ కాదు. పియర్ లూయీ అనే డాక్టరు, అదే పారిస్‌లో, కేస్ షీట్లు దగ్గర పెట్టుకుని కూర్చుని లెక్కపెట్టాడు. న్యుమోనియా రోగులు 77 మంది, అందరికీ రక్తం తీశారు, కొందరికి ముందే, కొందరికి లేటుగా. మొదటి నాలుగు రోజుల్లోపే తీసిన 41 మందిలో 18 మంది పోయారు. తర్వాత తీసిన 36 మందిలో 9 మంది. అంటే ముందుగా తీస్తే నూటికి 44, ఆలస్యంగా తీస్తే నూటికి 25. త్వరగా తీస్తే మంచిది అని వేల ఏళ్లుగా అందరూ నమ్మినదానికి ఇది అడ్డంగా వచ్చింది. ఆ రెండు గుంపులూ వయసులో అవీ ఒకేలా లేవు కాబట్టి లెక్కకి లోపాలున్నాయి, లూయీకీ అది తెలుసు, రక్తం తీయడం పూర్తిగా మానేయమని ఆయన కూడా అనలేదు. అయినా నా దృష్టిలో వైద్యంలో అసలు హీరో ఆయన, ఎందుకంటే ఎవర్నీ తిట్టలేదు, ఎవరి మీదా ఒట్టు పెట్టలేదు, కూర్చుని లెక్కపెట్టాడు.

అలాగని జలగ అబద్ధం అని కొట్టేస్తే అదీ తప్పే. సుశ్రుతుడి గ్రంథంలో జలగలకి ఒక అధ్యాయమే ఉంది, 12 రకాలు చెప్పి అందులో ఆరు విషమున్నవి, ఆరు లేనివి అని విడదీశాడు. ఇవాళ తెగిన వేలు తిరిగి కుట్టినప్పుడు, లోపలికి వెళ్లిన రక్తం సిరల్లోంచి బయటికి రాలేక వేలు నల్లబడుతుంటే ప్లాస్టిక్ సర్జన్లు నిజంగానే జలగ పెడతారు, దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది. అమెరికాలో 2004లో దానికి వైద్య పరికరంగా అనుమతి కూడా ఇచ్చారు. ఏ జబ్బుకి, ఎవరికి, ఎప్పుడు అనేది కొలిచాక జలగకి దాని పని దొరికింది.

జలగల గురించి మొదలుపెట్టాక విశాఖవాళ్లకి ఇది చెప్పకపోతే ఎలా. ఇంగ్లండ్‌లో విట్బీ అనే సముద్రపు ఊళ్లో జార్జ్ మెర్రీవెదర్ అనే డాక్టరు, తుఫాను ముందు జలగలు సీసాలో పైకి పాకుతాయని గమనించి ఒక యంత్రం కట్టాడు. గుండ్రంగా 12 గాజు సీసాలు, ఒక్కోదాంట్లో కొంచెం వాన నీళ్లు, ఒక జలగ. జలగ పైకి పాకి మూతి దగ్గర ఉన్న చిన్న పుల్లని కదిపితే దానికి కట్టిన తీగ లాగి పైన గంట మోగుతుంది. ఎన్ని జలగలు గంట కొడితే తుఫాను అంత ఖాయం. సీసాల్ని గుండ్రంగా ఎందుకు పెట్టాడంటే జలగలు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి, ఒంటరితనం బాధ ఉండదు అని! 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టాడు, తీరం పొడుగునా ఇవే పెట్టండి అని ప్రభుత్వాన్ని అడిగాడు, వాళ్లు పెట్టలేదు. ఈయన్ని చూసి నేను నవ్వుతాను, కానీ ముద్దుగా నవ్వుతాను, ఎందుకంటే తుఫాను రాకముందే ఇదిగో వస్తోంది అని ఊరి సంఘం పెద్దకి ఉత్తరాలు రాసి పెట్టేవాడు. వచ్చాక నేను ముందే చెప్పాను అనే రకం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడ్డప్పుడు మనకి రోజుల ముందే తెలిసింది, పోర్టులో ప్రమాద సూచికలు ఒక్కో నంబరూ పెరుగుతూ వచ్చాయి, జనాన్ని ఖాళీ చేయించారు. ముందు చెప్పడం, చెప్పింది జరిగిందో లేదో సరిచూసుకోవడం, తప్పితే దిద్దుకోవడం, వాతావరణం వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నది అదే. షుగరు పొడి అమ్మేవాళ్లని నేను అడిగేదీ అంతే: ముందు చెప్పండి, రాసిపెట్టండి, తర్వాత అందరం చూద్దాం.

సెమ్మెల్‌వైస్ గురించి ఒక్క మాట. వియన్నాలో ఆయన పనిచేసిన కాన్పుల వార్డులో 1847 ఏప్రిల్‌లో తల్లులు నూటికి 18 మంది చనిపోయారు, శవపరీక్షల గదిలోంచి నేరుగా వచ్చే డాక్టర్లని క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాక జూన్‌లో నూటికి ఇద్దరు. ఆయన పిచ్చాసుపత్రిలో పోవడం వల్ల ఆయన మాట నిజం కాలేదు, ఆ వార్డు రిజిస్టర్ వల్ల అయింది. రిజిస్టర్ లేకపోతే ఇవాళ ఆయన పేరు కూడా మనకి తెలిసేది కాదు. ఇక అదే ఫార్వర్డులో లిస్టన్ అనే సర్జన్ కాలు కోస్తూ రోగినీ, అసిస్టెంట్‌నీ, చూడ్డానికి వచ్చినాయన్నీ ముగ్గుర్నీ చంపేశాడని ఉంది చూశారా, దానికి ఆ కాలం నాటి రికార్డు ఏదీ దొరకలేదు. బాగా నవ్వొచ్చే కథలకి పరీక్ష ఎక్కువ పెట్టాలి, తక్కువ కాదు.

మన సుబ్బారావు గారి కథ కూడా అన్యాయం దగ్గరే ఆపేస్తారు అందరూ. నిజమే, భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లినందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎమ్‌ఎస్ పట్టా దక్కింది, బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రిలో కూలిపని చేశాడు. దానికి కళ్లు తుడుచుకునేవాళ్లలో ఎంతమందికి ఆయన చేసిన పని తెలుసు? ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మా డీఎమ్‌ఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) ప్రాక్టికల్స్‌లో చేయించారు, టెస్ట్‌ట్యూబ్‌లో మాలిబ్డేట్ అనే రసాయనం వేసి ఇంకో రీఏజెంట్ కలిపితే నీలం రంగు తేలుతుంది, ఫాస్ఫరస్ ఎంత ఉంటే అంత ముదురు నీలం, దాన్ని రంగు ఎంత ముదురో కొలిచే కలరీమీటర్‌లో చదువుతాం. అదే పద్ధతి కండరం మీద వాడినప్పుడు నీలం రావాల్సినంత వేగంగా రాలేదట, ఆలస్యంగా ముదురుతూ పోయింది. పాడైన ట్యూబు అని పారబోసి ఉండొచ్చు. వీళ్లు ఆ ఆలస్యాన్నే కొలిచారు, కండరంలో ఏదో ఫాస్ఫేట్‌ని పట్టుకుని మెల్లగా వదుల్తోంది అని తేల్చారు, 1927లో అదే ఫాస్ఫోక్రియాటిన్ అయింది. నాకు ఆయన గొప్పతనం ఆ ట్యూబులో కనిపిస్తుంది. నోబెల్ రాకపోవడంలో కాదు.

తర్వాత ఆయన నడిపిన బృందం 1947లో తెచ్చిన మందే ఫైలేరియాకి మనం వాడే డీఈసీ, బోదకాలు ఉన్న మన ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించే మాత్ర అదే. దానికి ముందు రాత్రి పూట రక్తం తీసే సర్వే ఉంటుంది, నేను వెళ్లాను వాటికి. రాత్రి 9 దాటాక టార్చిలైటు వేసుకుని తలుపు కొట్టి, నిద్ర లేపి, వేలికి సూది గుచ్చి చుక్క తీసుకుంటామంటే జనం నవ్వకేం చేస్తారు. "పగలంతా ఏటి చేసారమ్మా, దెయ్యాల్లాగ ఇప్పుడొచ్చేరు" అని ఒక ముసలమ్మ గారు అరుగు మీద కూర్చుని నవ్వుతూనే వేలు చాచింది. ఆవిడకి మాన్సన్ కథ చెప్పాను: చైనాలో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు 1877లో తన తోటమాలికి ఫైలేరియా ఉందని వాణ్ని దోమలకి కుట్టించి, ఆ దోమల్ని కోసి లోపల పురుగు పెరగడం చూశాడు. తర్వాత రాత్రింబగళ్లు కొన్ని గంటలకోసారి రక్తం చూసి, ఆ పిల్ల పురుగులు పగలు కనపడకుండా పోయి రాత్రే ఒంటి రక్తంలోకి వస్తాయని లెక్క తేల్చాడు. దోమలు మనిషికి నీళ్ల ద్వారా అంటిస్తాయని కూడా అన్నాడు, అది తప్పు, దాన్ని తర్వాతవాళ్లు దిద్దారు. రాత్రి సంగతి మాత్రం అప్పటి నుంచి ఎన్ని దేశాల్లో ఎందరు లెక్కపెట్టినా నిలబడింది, కాబట్టే మేం ఆ టైమ్‌కి తలుపు కొడతాం.

ఆ చుక్కల్ని గాజు పలక మీద మందంగా పూసి ఆరబెట్టి, మర్నాడు నీళ్లలో ముంచి ఎరుపు పోయాక రంగు పట్టించి, ఒక్కోటీ మైక్రోస్కోపు కింద ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుతూ చూస్తాం. నూటికి ఒక స్లయిడ్‌లోనో అంతకి మించో పురుగు కనిపిస్తే ఆ ప్రాంతంలో అందరికీ మాత్రలు పంచాలి, అంతకి తక్కువుంటే ఆపడం గురించి ఆలోచించొచ్చు. మన వీధికి మాత్రలతో వచ్చిన ఆశా వర్కర్ని చూసి "జబ్బు లేనోడికి మందేటి" అని నవ్వేవాళ్లు నవ్వండి, పర్లేదు, నవ్వాక ఆ ఊరి స్లయిడ్ల లెక్క ఎంతొచ్చిందో అమ్మాయిని అడిగి, మాత్ర మింగండి.